మూడంతస్తుల బట్టల షోరూమ్‌, అందరికీ ఒకే వైఫై: రష్‌లో బిల్లింగ్ ఆగిపోతోంది

చిల్లరలెక్క:

విజయవాడలో బట్టల షోరూమ్. లెక్కలతో పాటు కంప్యూటర్ల పని కూడా నా నెత్తిమీదే ఉంది. మూడు అంతస్తులు, ఒక్కోటి సుమారు 2,500 చదరపు అడుగులు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె కింద ఉంది, పై రెండు అంతస్తుల్లో చెరో రిపీటర్. వైఫై పేరు ఒకటే, పాస్‌వర్డ్ కూడా ఒకటే. అది ఓనరు గారి ఫోన్ నంబరు. కింది అంతస్తులో మొబైల్ సిగ్నల్ ఉండదు, యూపీఐ కట్టాలని కస్టమర్లు అడుగుతుంటారని దాన్ని అట్టముక్క మీద రాసి కౌంటర్ దగ్గర పెట్టారు.

దీనిమీద నడిచేవి: 6 బిల్లింగ్ కంప్యూటర్లు (3 వైరు, 3 వైఫై), 12 చేతి స్కానర్లు, 2 కార్డు మెషీన్లు, బిల్లు ప్రింటర్లు, 35 మంది స్టాఫ్ ఫోన్లు, వచ్చిపోయే కస్టమర్ల ఫోన్లు. 16 సీసీ కెమెరాలు వైరుతోనే ఉన్నా, ఆ వైర్లూ చివరికి అదే పెట్టెకి వస్తాయి.

ఆషాఢం ఆఫర్లు పెట్టినప్పుడల్లా మధ్యాహ్నం దాటాక స్కానర్లు, వైఫై కౌంటర్లు పడిపోతున్నాయి. పెట్టె ఆపి వేస్తే ఓ అరగంట బాగుంటుంది, మళ్ళీ మామూలే. ఇది చాలదన్నట్టు పోయిన వారం ఒక బిల్లు ప్రింటర్ నుంచి పిచ్చి అక్షరాలతో మూరెడు కాగితం దానంతటదే బయటికొచ్చింది. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

---

రాత్రిషిఫ్ట్:

పాస్‌వర్డ్ సంగతి తర్వాత చూద్దాం. బిల్లింగ్ ఆగడానికీ, ప్రింటర్ పిచ్చి కాగితం కక్కడానికీ కారణం ఒకటే అండి: కస్టమర్ ఫోనూ కౌంటర్ కంప్యూటరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండడం. బిల్లు ప్రింటర్లు సాధారణంగా 9100 పోర్ట్ (అచ్చు పనులు వచ్చే తలుపు లాంటిది) తెరుచుకుని కూర్చుంటాయి. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళు ఎవరు ఏది పంపినా అచ్చువేస్తాయి, పాస్‌వర్డ్ అడగవు. ఎవరో కావాలని చేశారనుకోనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఏమేం ఉన్నాయో వెతికే యాప్ ఏ ఫోన్‌లోనో నడిచినా ఇలాంటి కాగితం వస్తుంది.

ఇక పడిపోవడం. రెండు అనుమానాలు, రెంటినీ విడదీసి చూడొచ్చు. ఈసారి ఆగినప్పుడు పెట్టెని వెంటనే ఆపకండి. ఆగిన కౌంటర్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి, ఆ కంప్యూటర్‌కి దొరికిన నెట్‌వర్క్ అడ్రస్ చూపిస్తుంది. వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తూ అడ్రస్ 169.254తో మొదలైతే, పెట్టె దగ్గర ఇవ్వడానికి అడ్రస్‌లు అయిపోయినట్టు. అసలు వైఫైకే కనెక్ట్ కాకుండా తిరుగుతూ ఉంటే, ఒకేసారి ఇంతమందికే అనే పరిమితి దాటినట్టు. ఫైబర్ పెట్టెలు చాలావాటిలో ఒక్కో వైఫై పేరుకి 32 పరికరాలే అని ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారు. మీ స్టాఫ్ ఫోన్లే 35.

అడ్రస్‌ల లెక్క ఇంకా సులువు. ఇలాంటి పెట్టె దగ్గర మహా అయితే 250 అడ్రస్‌లు ఉంటాయి. ఒకసారి ఇచ్చిన అడ్రస్‌ని 24 గంటలు ఆ ఫోన్ పేరుమీదే ఉంచుతుంది, ఫోన్ మనిషితో పాటు బయటికెళ్ళిపోయినా సరే. 250వ కస్టమర్ తర్వాత, డ్రాయర్లోంచి అప్పుడే తీసిన స్కానర్‌కి మిగిలేది సున్నా. పెట్టె ఆపి వేస్తే ఆ పట్టిక చెరిగిపోతుంది, అందుకే అరగంట సుఖం. కానీ చెరిగిన పట్టికతో మళ్ళీ పంచడం మొదలుపెట్టి, ప్రింటర్ వాడుతున్న అడ్రస్‌నే ఏదో ఫోన్‌కి ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ప్రింటర్ ఉన్నట్టుండి మాయమవుతుంది. కాబట్టి ఆపి వేయడం మందు కాదు, జబ్బుని ఇంకో చోటికి మార్చడం.

చేయాల్సింది వీల్యాన్‌లుగా, అంటే అవే తీగల మీద విడివిడి నెట్‌వర్క్‌లుగా, విడగొట్టడం. ఇలా పెట్టుకోండి (ముందున్నది వీల్యాన్ నంబరు, చివర దాని అడ్రస్‌ల వరుస; /24 అంటే 254 అడ్రస్‌లు):

10 – కౌంటర్లు, స్కానర్లు, బిల్లు ప్రింటర్లు: 10.10.10.0/24
15 – కార్డు మెషీన్లు మాత్రమే: 10.10.15.0/24
20 – స్టాఫ్ ఫోన్లు: 10.10.20.0/24
32 – కస్టమర్లు: 10.10.32.0/22, అంటే 1,022 అడ్రస్‌లు, లీజు (అడ్రస్ ఒక ఫోన్ పేరుమీద ఉండే గడువు) 1 గంట
50 – కెమెరాలు, రికార్డర్: 10.10.50.0/24
99 – రౌటర్, స్విచ్ (వైర్లన్నీ కలిసే పెట్టె), యాక్సెస్ పాయింట్ల (వైఫై పంచే పెట్టెల) నిర్వహణ: 10.10.99.0/24

లీజుని 1 గంటకి తగ్గించడం చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ మీ రష్‌ని సగం పరిష్కరించేది అదే. కౌంటర్ వైపు మాత్రం 24 గంటలే ఉండనివ్వండి. ప్రింటర్లకి రౌటర్‌లోనే శాశ్వత అడ్రస్ రాసి పెట్టండి.

వైఫై పేర్లు మూడు చాలు: కౌంటర్, స్టాఫ్, కస్టమర్. వీల్యాన్‌కో పేరు పెట్టుకుంటూ పోవద్దు. ప్రతి పేరూ సెకనుకి దాదాపు 10 సార్లు తన ఉనికిని చాటుకుంటుంది, అదంతా గాలిలో మీ డేటాకి దక్కాల్సిన సమయమే.

---

వైరింగ్_బెజవాడ:

పైన చెప్పినవేవీ ఇంటర్నెట్ కంపెనీ పెట్టెతో కావు, దాన్ని కేవలం ఫైబర్ దింపుకోవడానికి వాడుకోండి. వీలైతే బ్రిడ్జ్ మోడ్‌లో (తను అడ్రస్‌లు పంచకుండా ఇంటర్నెట్‌ని మీ రౌటర్‌కి దాటించేలా) పెట్టమని వాళ్ళకే ఫోన్ చేయండి. కుదరదంటే వెనక మీ రౌటర్ పెట్టుకున్నా పని జరుగుతుంది. ఏదైనా సరే దాని వైఫై రెండు బ్యాండ్లూ (2.4, 5 గిగాహెర్ట్జ్) ఆపేయాలి, పాస్‌వర్డ్ బదులు పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ కూడా. ఆ డబ్ల్యూపీఎస్ 8 అంకెల పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. అందువల్ల గట్టిగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

రిపీటర్లు తీసి పక్కన పడేయండి. విన్నదాన్నే మళ్ళీ అదే గాలిలో చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడుతుంది. ప్రతి ఏపీకీ వైరు వెళ్ళాల్సిందే. (ఏపీ అంటే ఇక్కడ యాక్సెస్ పాయింటే లెండి, రాష్ట్రం కాదు.)

సామాను: వీల్యాన్‌లు, ఫైర్‌వాల్ ఉన్న రౌటర్ ఒకటి. వీల్యాన్‌లు తెలిసిన పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపేది) ఒకటి. అంతస్తుకి రెండు చొప్పున 6 ఏపీలు. కంపెనీ ఏదైనా సరే, అన్నిటినీ ఒకే కంట్రోలర్ నుంచి చూసుకునే రకం తీసుకోండి.

2,500 అడుగులకి ఒక్క ఏపీ సరిపోదా అంటే, ఖాళీ హాలుకి సరిపోతుంది. మీది ఖాళీ హాలు కాదు. చీరల దొంతరలతో పెద్ద ఇబ్బంది లేదు గానీ నిలువుటద్దాల వెనక లోహపు పూత, లిఫ్ట్ గూడు, ఇనుప ర్యాకులు సిగ్నల్‌ని మింగేస్తాయి. ట్రయల్ రూముల వరుస వెనక ఉన్న కౌంటర్‌కి ఎదురుగా ఒకటి రావాలి. స్కానర్ వాడే ప్రతి చోటా మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మేలు) కంటే మెరుగ్గా ఉందో లేదో ఫోన్ యాప్‌తో నడుస్తూ చూసుకోండి, అదీ షాపు నిండుగా ఉన్నప్పుడు. మనుషులు కూడా నీళ్ళ గోడలే.

స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య చూసి మోసపోవద్దు. పెట్టె మీద ఒక్కో పోర్టుకి 30 వాట్లు అని ఉంటుంది, కానీ మొత్తం కలిపి ఎన్ని వాట్లు ఇస్తుందనేది వేరే గీతలో చిన్నగా ఉంటుంది. ఏపీ ఒక్కోటి 15 వాట్లు అనుకుంటే 6కి 90, ఇంకొంచెం వెసులుబాటుతో 120 వాట్ల స్విచ్ కావాలి. 60 వాట్లది పెడితే పొద్దున అన్నీ వెలుగుతాయి. సాయంత్రం జనం పెరిగి రేడియోలు గట్టిగా పని చేసేసరికి ఒకటో రెండో ఆగి మళ్ళీ మొదలవుతుంటాయి. చూసేవాళ్ళు ఏపీ పాడైందనుకుంటారు.

కేబుల్ విషయంలో మొహమాటం వద్దు. క్యాట్ 6, మొత్తం రాగిది. కొనే ముందు చివర ఒక తీగని బ్లేడుతో గీకండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. కరెంటు కూడా ఆ తీగలోనే వెళ్ళాలి కాబట్టి వేడెక్కుతుంది, దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడుతుంది. గోడలో 90 మీటర్లు, రెండు చివర్లా ప్యాచ్ తీగలు కలిపి 100 మీటర్లు దాటకూడదు.

ఫైబర్ పెట్టె, రౌటర్, స్విచ్ ఈ మూడింటినీ యూపీఎస్ మీద పెట్టండి. ఏపీలకి కరెంటు స్విచ్ నుంచే వెళ్తుంది కాబట్టి కరెంటు పోయినా స్కానర్లు నడుస్తాయి.

ఛానెళ్ళు: 2.4 గిగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పు, 1, 6, 11 తప్ప ఇంకేవీ ముట్టుకోవద్దు. 6 ఏపీల్లో మూడింటికే, అంతస్తుకి ఒకదానికే, 2.4 ఆన్ చేయండి. పాత స్కానర్ల కోసమే అది. 5లో 40 వెడల్పుతో 36, 44, 149, 157 దగ్గర మొదలయ్యే నాలుగు జతలు దొరుకుతాయి. చుట్టుపక్కల షాపుల వైఫైలు ఎక్కువగా ఉంటే 20కి దిగండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్ళలో రాడార్ అనుమానం వస్తే ఏపీ వెంటనే ఖాళీ చేయాలి. అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళ్తే కనీసం 60 సెకన్లు విని గానీ మాట్లాడకూడదు. కౌంటర్ ముందు పది మంది నిలబడి ఉన్నప్పుడు ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది.

పవర్ ఫుల్లుగా పెట్టడం అందరూ చేసే తప్పు. ఏపీ అరిచేది స్కానర్‌కి వినిపిస్తుంది, స్కానర్ గొణిగేది ఏపీకి వినిపించదు. పైగా రెండో అంతస్తుకి ఎక్కిన స్కానర్ కింది ఏపీనే పట్టుకుని వేలాడుతుంది. 2.4కి 8 నుంచి 11 డీబీఎం, 5కి 14 నుంచి 17 దగ్గర మొదలుపెట్టండి.

---

చిల్లరలెక్క:

ఇద్దరికీ థాంక్స్ అండి. ఈ రోజు నాలుగు గంటలకి 5వ కౌంటర్ ఆగింది, ఆపకుండా చూశాను. కనెక్టెడ్ అనే ఉంది, అడ్రస్ 169.254. అదే సమయంలో రెండు స్కానర్లు అసలు కనెక్టే కాలేదు. అంటే రెండూ ఉన్నట్టేనా?

పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పండి. వైఫై పేరు కనబడకుండా దాచేసి, మా పరికరాల మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) మాత్రమే రానిచ్చేలా పెట్టమని ఒకాయన అన్నారు.

---

ప్యాకెట్‌పట్టు:

రెండూ ఉన్నాయి. స్కానర్లు కనెక్టే కాకపోవడానికి సిగ్నల్ కూడా కారణం కావచ్చు, కొత్త ఏపీలు వస్తే అదీ తేలిపోతుంది.

పేరు దాచడం, మ్యాక్ జాబితా రెండూ వదిలేయండి. దాచిన పేరుని మీ స్కానర్లే గాలిలో పిలుస్తూ తిరుగుతాయి. మ్యాక్ అడ్రస్ ఎన్‌క్రిప్షన్ లేకుండా ప్రతి ప్యాకెట్ మీదా కనిపిస్తుంది, చూసి కాపీ కొట్టడానికి నిమిషం చాలు. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తాయి. దొంగకి అడ్డు కాదు, మీ స్టాఫ్‌కే తలనొప్పి.

ఫోన్ నంబరు పాస్‌వర్డ్ ఎందుకు పనికిరాదో లెక్క చూడండి. 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పద్ధతిలో ఒక ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే నాలుగు మాటల పలకరింపుని ఎవరైనా బయట పార్కింగ్‌లో కూర్చుని పట్టుకుంటే చాలు, మిగతాది ఇంటికెళ్ళి తీరిగ్గా చేసుకోవచ్చు. సెకనుకి 10 లక్షలు సరిచూసే గ్రాఫిక్స్ కార్డుకి 400 కోట్లంటే 4,000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. అందుకే 16 అక్షరాలకి తగ్గకుండా, మనిషి ఆలోచించి పెట్టినది కాకుండా, పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టించినది పెట్టండి.

మీ దగ్గర అట్ట మీద రాసే ఉంది కాబట్టి ఆ గంట కూడా అక్కర్లేదు. పేరూ పాస్‌వర్డూ తెలిసినవాళ్ళు తమ ఫోన్‌లో అదే పేరుతో హాట్‌స్పాట్ తెరిస్తే మీ స్కానర్లు నమ్మి వెళ్ళి దానికి అతుక్కుంటాయి.

పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా 35 మందికి ఒకటే ఉంటే ఒకరు మానేసినప్పుడల్లా అందరికీ మార్చాలి. ఎవరూ మార్చరు. ఆండ్రాయిడ్‌లో క్యూఆర్ చూపించి పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు కూడా. దీనికి పీపీఎస్‌కే అనే సదుపాయం ఉన్న ఏపీలు తీసుకోండి. వైఫై పేరు ఒకటే, మనిషికో పాస్‌వర్డ్. మానేసినవారిది ఒక్కటి తీసేస్తే సరి. ఏ పాస్‌వర్డ్‌తో వస్తే ఏ వీల్యాన్‌లోకి పంపాలో కూడా చెప్పొచ్చు. కౌంటర్ వైఫైలోనే కార్డు మెషీన్లకి వేరే పాస్‌వర్డ్ ఇచ్చి 15లోకి నెట్టొచ్చు, నాలుగో పేరు అక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. పీపీఎస్‌కే చాలా కంపెనీల్లో డబ్ల్యూపీఏ2తోనే పని చేస్తుంది. దాని తర్వాతి తరం డబ్ల్యూపీఏ3 పెడితే పార్కింగ్‌లో కూర్చునే పని దండగవుతుంది, కానీ మనిషికో పాస్‌వర్డ్ పోతుంది. నా ఓటు: మీ కౌంటర్, స్టాఫ్ వైఫైలకి పీపీఎస్‌కే, పొడవాటి పాస్‌వర్డ్‌లతో.

---

రాత్రిషిఫ్ట్:

@ప్యాకెట్‌పట్టు స్టాఫ్ వైఫైకి ఒప్పుకుంటాను. కౌంటర్‌ వైఫైలో ఉండేది షాపు సొంత పరికరాలు, మనుషులు కాదు. స్కానర్లు కొత్తవైతే అక్కడ డబ్ల్యూపీఏ3 పెట్టి కార్డు మెషీన్లని వైరుకో సిమ్‌కో మార్చడం మేలు. డబ్ల్యూపీఏ3లో మేనేజ్‌మెంట్ ఫ్రేముల (కలపడం, తెంపడం లాంటి వైఫై సందేశాల) రక్షణ తప్పనిసరి. స్కానర్లని బయటినుంచి అదేపనిగా తెంపే ఆకతాయి ఆటలు అప్పుడు సాగవు.

---

ప్యాకెట్‌పట్టు:

కొత్తవైతే, సరే. 12లో ఒక్క పాత స్కానర్ ఉన్నా అది కనెక్ట్ కాదు. 2, 3 రెండూ కలిపిన ట్రాన్సిషన్ మోడ్ పెడితే కొన్ని పాత స్కానర్లు, ప్రింటర్లు పేరు చూసి కూడా చేరలేక తిరుగుతాయి. @చిల్లరలెక్క ఒక స్కానర్‌తో ముందు పరీక్షించండి, అది ఏం చెప్తే అదే. 802.11ఆర్ అనే ఫాస్ట్ రోమింగ్ (ఒక ఏపీ నుంచి ఇంకోదానికి త్వరగా మారడం) కూడా కౌంటర్ వైఫైలో ఆఫ్. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ రేట్లు ఆపేసి కనీసం 12 పెడితే గాలి తేలికవుతుంది, కానీ మరీ ముసలి స్కానర్ ఆ రేట్లు మాత్రమే ఎరిగి ఉంటుంది. అదీ చూసుకోండి.

వీల్యాన్‌లు కట్టగానే పని అయిపోయిందనుకోవద్దు. చాలా రౌటర్లు ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి దారి తెరిచే ఉంచుతాయి. మూయాల్సింది మీరే. కస్టమర్ వీల్యాన్ మీద నియమాలు ఈ వరుసలోనే ఉండాలి, వరుస తప్పితే లెక్క తప్పుతుంది: మొదట రౌటర్‌కి డీహెచ్‌సీపీ (అడ్రస్ అడగడం, యూడీపీ 67), డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతకడం, 53) అనుమతి. తర్వాత రౌటర్‌ని ముట్టుకునే మిగతా అన్నిటికీ అడ్డు. తర్వాత 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 మూడింటికీ (ఇవి లోపలి నెట్‌వర్క్‌ల అడ్రస్‌లు) అడ్డు. చివర్న ఇంటర్నెట్‌కి అనుమతి. ఏపీలో క్లయింట్ ఐసోలేషన్ కూడా ఆన్ చేస్తే ఒక కస్టమర్ ఫోన్‌కి ఇంకో ఫోన్ కనబడదు.

పరీక్ష ఇది: కస్టమర్ వైఫైలో ఫోన్ పెట్టి బ్రౌజర్‌లో 10.10.32.1, 10.10.10.1, 10.10.99.1, ఆ తర్వాత ఫైబర్ పెట్టె అడ్రస్ (తరచు 192.168.1.1) కొట్టండి. ఒక్కటి తెరుచుకున్నా పని పూర్తికాలేదు. మొదటి మూడూ మూసి నాలుగోది మరిచిపోవడం మామూలు, ఎందుకంటే అది రౌటర్‌కి అవతలి వైపు ఉంటుంది. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా స్టిక్కర్ మీదున్నదే అయితే మరీ అన్యాయం.

కెమెరాలకి ఇంటర్నెట్ అసలు వద్దు. ఓనరు గారు ఫోన్‌లో చూడాలంటే రికార్డర్ ఒక్కదానికే దారి ఇవ్వండి.

---

లాగ్‌బుక్:

కస్టమర్ వైఫై గురించి నాలుగు ముక్కలు. 2008 పేలుళ్ళప్పుడు బెదిరింపు ఈమెయిళ్ళు ఎవరివో తాళం లేని వైఫైల నుంచి వెళ్ళాయి. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది: పబ్లిక్ వైఫై వాడేవాళ్ళని గుర్తింపు కార్డుతోనో ఎస్ఎమ్ఎస్ ద్వారానో గుర్తించాలని. అందుకే ఎక్కడికెళ్ళినా ఓటీపీ అడుగుతారు. మీ కనెక్షన్ ఒప్పందంలో బయటివాళ్ళకి ఇవ్వొచ్చా లేదా అన్నది ముందు చదవండి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి (చిన్న షాపుల ద్వారా పబ్లిక్ వైఫై పంచే పథకం) దారి కూడా ఉంది. అందులో షాపుకి లైసెన్సు అక్కర్లేదు, వాడకందారుల నమోదు యాప్ కంపెనీ చూసుకుంటుంది, అనుమతీ లెక్కా అగ్రిగేటర్ (ఇలాంటి షాపులని కలిపి నడిపే సంస్థ) చూసుకుంటారు.

ఇక్కడ మీకో చిక్కు. కింది అంతస్తులో సిగ్నల్ లేదన్నారు. సిగ్నల్ లేనిచోట ఓటీపీ ఎలా వస్తుంది? వైఫై కాలింగ్ ద్వారా రావాలంటే ముందు వైఫై దొరకాలి, వైఫై దొరకాలంటే ఓటీపీ కావాలి! కంట్రోలర్‌లో వోచర్లు పుట్టించి, 2 గంటలు చెల్లే కోడ్‌ని కౌంటర్‌లో బిల్లుకి నంబరు తీసుకున్నప్పుడే చీటీ మీద ఇవ్వండి. ఏ చీటీ ఏ నంబరుకి ఇచ్చారో రాసుకోండి. కస్టమర్ వైపు యూడీపీ 500, 4500 పోర్టులు మాత్రం మూయకండి. వైఫై కాలింగ్ వాటిమీదే నడుస్తుంది, ఆ ఫోన్‌కి బ్యాంకు ఓటీపీ వచ్చేదీ ఆ దారినే.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రత సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందనే రికార్డులు) 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతితో) సరిగ్గా ఉండాలి, చొరబాటు లాంటిది జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. రౌటర్ తనలో దాచుకునే లాగ్ ఆపివేయగానే పోతుంది. కాబట్టి 99 వీల్యాన్‌లో ఒక పాత కంప్యూటర్ పెట్టి ఆ లాగ్ (సిస్‌లాగ్ అంటారు) అంతా దానికి పంపండి. ఏ అడ్రస్ ఏ సమయంలో ఏ ఫోన్‌కి ఇచ్చామన్నది ముఖ్యం. లీజు గంటే కాబట్టి టైమ్ తప్పుగా ఉన్న లాగ్ వేరే మనిషిని చూపిస్తుంది.

కార్డులు తీసుకునే చోట అనుమతి లేని వైఫై ఏదైనా వెలిసిందేమో మూడు నెలలకోసారి చూడాలని కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ అంటుంది. కంట్రోలర్‌లో రోగ్ ఏపీల (మీవి కాని వైఫైల) పట్టిక చూస్తే చాలు. స్టోర్ రూములో ఎవరో స్విచ్‌కి తగిలించిన చిన్న రౌటర్ దొరుకుతుంటుంది. వాడని పోర్టులన్నీ స్విచ్‌లోనే ఆపేయండి.

---

చిల్లరలెక్క:

చాలా క్లారిటీ వచ్చింది. ఆఖరి ప్రశ్న: మార్చడం ఒక్క రాత్రిలో అవుతుందా? షాపు 10 గంటలకి మూసి మళ్ళీ పొద్దున 10కి తెరుస్తాం.

---

వైరింగ్_బెజవాడ:

కేబుళ్ళు, ఏపీలు ముందు వారంలోనే బిగించేయండి. పాతది నడుస్తుండగానే కొత్తది పక్కన లేపొచ్చు. కంట్రోలర్, రౌటర్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్పుడే తాజా చేసి బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఆ రాత్రి చేసేది మార్పిడి మాత్రమే.

కొత్త వైఫైకి పాత పేరు పెట్టొద్దు. పెడితే ఊళ్ళో ఉన్న పాత కస్టమర్ల ఫోన్లన్నీ అలవాటుగా వచ్చి తలుపు తడుతూనే ఉంటాయి.

6 కౌంటర్లనీ వైరు మీదకి తెచ్చేయండి, ఎలాగూ కేబుల్ లాగుతున్నారు. బిల్లింగ్ డేటా ఉన్న కంప్యూటర్ అయితే వైఫై మీద ఉండనే కూడదు. రాస్తుండగా తెగితే ఫైలు పాడవుతుంది.

పొద్దున ఇరికించేది ప్రింటర్లే. ప్రతి కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టు పాత 192.168 అడ్రస్‌కే ఉంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌కి వెళ్ళి కొత్త 10.10.10 అడ్రస్‌తో పోర్టు కలపాలి, కౌంటర్ కౌంటర్‌కీ. కొన్ని బిల్లు ప్రింటర్లలో అడ్రస్ చేత్తో రాసి ఉంటుంది, రౌటర్ ఇచ్చింది తీసుకోవు. ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే చాలా మోడళ్ళు తమ సెట్టింగులు అచ్చువేస్తాయి, అందులో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ప్రతి కౌంటర్‌లో ఒక టెస్ట్ బిల్లు, ప్రతి స్కానర్‌తో మూడో అంతస్తు వరకు నడిచి ఒక స్కాన్, ప్రతి కార్డు మెషీన్‌లో ఒక రూపాయి. ఇవి అయ్యాకే ఇంటికెళ్ళండి. పాత పెట్టె సెట్టింగుల ఫోటోలు ఫోన్‌లో ఉంచుకోండి, తెల్లారేలోపు వెనక్కి రావాల్సి వస్తే పనికొస్తాయి.

ఆ అట్టముక్క మాత్రం మొదట చించేయండి.